పుకారు ఎట్లా పాకుతుందో లెక్కకట్టాలంటే ముందు గీత అంటే ఏమిటో తేల్చుకో

చెల్లె, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. చదివే మిగతావాళ్ళ కోసం క్లుప్తంగా మళ్ళీ చెప్తాను. సోషియాలజీలో ఎం.ఏ. పూర్తి చేసి పీహెచ్‌డీకి తయారవుతున్నావు. మీది పరకాల దగ్గర ఊరు, నాన్న మిర్చి వేస్తారు. తెలంగాణలో సోషల్ మీడియా పుకార్లు ఎట్లా పాకుతున్నాయో కంప్యూటర్ పద్ధతులతో పరిశోధించాలని ఉంది. ట్విట్టర్ (ఇప్పుడు ఎక్స్ అంటున్నారు) నుంచి లక్షల పోస్టులు దించుకుని, వాటి భావాన్ని ఏఐతో లెక్కకట్టి, మ్యాపు గీద్దామనుకుంటున్నావు. కోడింగ్ రాదు, మ్యాథ్స్ ఇంటర్‌తోనే వదిలేశావు, అందుకే టెన్షన్. "నావల్ల అవుతుందా సార్, ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలి?" అని అడిగావు.

అవుతుంది. సాఫ్ట్‌వేర్ సంగతి చివర్లో చెప్తాను, ఎందుకంటే ఈ మొత్తం పనిలో తేలికైనది అదే. హన్మకొండలో ఉంటూ పద్దెనిమిదేళ్ళుగా ఈ పనే చేస్తున్నాను. సర్వేలు చేశాను, పిల్లలకు నేర్పాను, థీసిస్‌లు దిద్దాను. కోడ్ రాక ఆగిపోయిన ప్రాజెక్టులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. "ఈ ఇద్దరి మధ్య గీత గీశావు కదమ్మా, ఈ గీత అంటే ఏమిటి?" అని వైవాలో, అంటే థీసిస్ మీద జరిగే మౌఖిక పరీక్షలో, అడిగితే నోరు పెగలక చతికిలబడ్డవే ఎక్కువ.

ఎవరికి ఎవరితో సంబంధం ఉందో చూపే మ్యాపును నెట్‌వర్క్ అంటారు, అంటే చుక్కలూ గీతలే. చుక్కలు మనుషులు, గీతలు వాళ్ళ మధ్య ఉన్నదేదో. ఆ "ఉన్నదేదో" దగ్గరే మొత్తం ఉంది. చుక్కల ముగ్గు వేసేదానివే కదా, చుక్కలు అవే ఉంచి కలిపే తీరు మార్చితే వేరే ముగ్గు అవుతుంది. అప్పు ఇచ్చిపుచ్చుకునే వాళ్ళని కలిపితే ఒక ఊరు కనిపిస్తుంది. పెళ్ళికి పిలుచుకునే వాళ్ళని కలిపితే ఇంకో ఊరు. ఒకే వాట్సాప్ గ్రూపులో ఉన్నవాళ్ళందరినీ కలిపితే అసలు ఊరే కనిపించదు. 200 మంది ఉన్న గ్రూపులో ప్రతి ఇద్దరి మధ్యా గీత గీస్తే 19,900 గీతలు వస్తాయి, తెల్ల కాగితం నల్లగా అవుతుంది తప్ప ఏమీ తెలియదు.

ఈ రంగంలో అందరూ చెప్పుకునే ఉదాహరణ ఒకటుంది. 1970 నుంచి 72 దాకా అమెరికాలో వేన్ జాకరీ అనే పరిశోధకుడు ఒక యూనివర్సిటీ కరాటే క్లబ్బును దగ్గరుండి గమనించాడు. 34 మంది, 78 గీతలు. ఫీజుల దగ్గర మాస్టారుకూ క్లబ్ అధ్యక్షుడికీ తగాదా వచ్చి క్లబ్ రెండుగా చీలింది. ఎవరు ఎటువైపు పోతారో గీతలను బట్టి లెక్కకట్టి 1977లో అచ్చువేశాడు. ఒక్కరు తప్ప అందరి విషయంలోనూ లెక్క సరిపోయింది. గుంపులు విడదీసే కొత్త పద్ధతి ఏది వచ్చినా ఇప్పటికీ ముందు ఆ 34 మంది మీదే పరీక్షించి చూస్తారు. అందరూ ఆ లెక్క గొప్పదనమే చెప్తారు. నేను పిల్లలకు చెప్పేది మాత్రం ఇంకోటి. క్లాసులో పక్కపక్కన నిలబడినంత మాత్రాన ఇద్దరి మధ్య ఆయన గీత గీయలేదు. క్లబ్బు బయట కూడా కలుసుకునే వాళ్ళ మధ్యనే గీశాడు. క్లాసులో అందరూ ఉంటారు, బయట కలిసేది కొందరే. ఆ తేడా తెలియాలంటే అక్కడ ఉండి చూడాలి. ఆయన మూడేళ్ళు ఉన్నాడు.

ఇప్పుడు నీ ప్లాను. ట్విట్టర్ వదిలెయ్. మొదటి కారణం డబ్బు. పరిశోధకులకు ఉచితంగా డేటా ఇచ్చే దారి 2023లో మూసేశారు. ఫేస్‌బుక్ పేజీలను గమనించడానికి వాడుకునే క్రౌడ్‌టాంగిల్‌ను కూడా ఫేస్‌బుక్ యజమాని సంస్థ మెటా 2024 ఆగస్టులో ఆపేసింది. పదేళ్ళ కిందటి పుస్తకాలు చూసి "డేటా దించుకోవడం ఎంతసేపు" అనేవాళ్ళ మాట వినకు. రెండో కారణం ఇంకా పెద్దది: మీ ఊళ్ళో ట్విట్టర్ చూసేవాళ్ళు ఎంతమంది? ట్విట్టర్ మీద మంచి పని జరగలేదని కాదు. 2018లో సైన్స్ పత్రికలో వచ్చిన ఒక పరిశోధన 2006 నుంచి 2017 దాకా తిరిగిన దాదాపు 1,26,000 కథనాలను చూసి, నిజం కన్నా అబద్ధం రీట్వీట్ అయ్యే అవకాశం 70 శాతం ఎక్కువని తేల్చింది. యంత్రాలు నడిపే ఖాతాలను తీసేసి చూసినా ఫలితం మారలేదు, అంటే పాకించింది మనుషులే. చాలా జాగ్రత్తగా చేసిన పని అది. కానీ అది ట్విట్టర్ వాడే మనుషుల సంగతి. దాన్ని తెచ్చి మన ఊరికి అతికిస్తే అతకదు.

మన దగ్గర మాట తిరిగేది వాట్సాప్‌లో, అక్కడి నుంచి నోటి వెంట. 2018 మే నెల గుర్తుందా? పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని మెసేజ్‌లు వచ్చి మన రాష్ట్రంలో అమాయకుల ప్రాణాలే పోయాయి. ఆ జూలైలోనే ఇండియాలో ఒక మెసేజ్‌ను ఒకేసారి ఐదు చాట్లకు మించి ఫార్వర్డ్ చేయకుండా వాట్సాప్ పరిమితి పెట్టింది. 2020 ఏప్రిల్ నుంచి బాగా చేతులు మారిన మెసేజ్ ఒకసారికి ఒక్క చాట్‌కే పోతుంది. మెసేజ్ మీద రెండు బాణాల గుర్తు ఉండేది అటువంటి దానికే.

సరే, గ్రూపు చాట్‌ను ఎక్స్‌పోర్ట్ చేసి లెక్కపెడదాం అంటావు. పరీక్షకు నీ సొంత ఇంటి గ్రూపును ఒకసారి ఎక్స్‌పోర్ట్ చేసి ఆ ఫైలు తెరిచి చూడు. తేదీ, సమయం, పేరు, మెసేజ్, అంతే. ఇందాక చెప్పిన బాణాల గుర్తు అందులో రాదు. ఏ మెసేజ్ దేనికి జవాబో ఉండదు. ఎవరు చదివారో ఉండదు. మీడియా లేకుండా దించితే వాయిస్ మెసేజ్, వీడియో, ఫొటో ఉన్నచోటల్లా "మీడియా వదిలేశాం" అన్న అర్థం వచ్చే ఇంగ్లీషు ముక్క ఒకటి మాత్రం ఉంటుంది. మన ఊరి గ్రూపుల్లో టైపు చేసేవాళ్ళు ఎంతమంది, వాయిస్ పెట్టేవాళ్ళు ఎంతమంది? నువ్వు చదవాల్సిన సగం మాటలు ఆ ఒక్క ముక్క వెనక దాక్కుంటాయి. పైగా 2025 నుంచి గ్రూపువాళ్ళు కావాలంటే ఎక్స్‌పోర్ట్‌నే ఆపేసుకునే సౌకర్యం వచ్చింది.

చిన్న చిక్కులు ఇంకా ఉన్నాయి. ఒక మనిషి నాలుగు పేరాల మెసేజ్ పెడితే ఫైలులో నాలుగైదు వరుసలు అవుతాయి. వరుసలు లెక్కపెట్టి "ఈయన ఐదు మెసేజ్‌లు పెట్టాడు" అని రాసిన థీసిస్ నేను చూశాను. కొన్ని వెర్షన్లలో సమయానికీ పీఎంకీ మధ్య ఉండే ఖాళీ మామూలు ఖాళీ కాదు, కంటికి ఒకలాగే ఉంటుంది కానీ కంప్యూటర్‌కు వేరే అక్షరం. కోడ్ అంతా కరెక్టే ఉండి కూడా ఒక్క తేదీ దొరకకపోతే అక్కడ చూడు.

అన్నిటికంటే పెద్ద చిక్కు ఫైలులో లేనిది. ఒక నంబరు అంటే ఒక మనిషి కాదు. ఇంట్లో ఒకటే స్మార్ట్‌ఫోన్ ఉంటే పొద్దున అది భర్త చేతిలో, బడి వదిలాక కొడుకు చేతిలో, రాత్రి భార్య చేతిలో ఉంటుంది. గ్రూపులో కనిపించే పేరు మాత్రం భర్తది. మిర్చి ఏరడానికి పొద్దున్నే ట్రాలీ ఆటో ఎక్కిపోయే ఆడవాళ్ళలో ఎంతమంది పేరు మీద ఆ గ్రూపులో నంబరు ఉంటుంది? వాళ్ళకు మాట చేరదా మరి? చేరుతుంది. ఆటోలో చేరుతుంది, సాళ్ళ మధ్య ఏరుకుంటూ పోతుంటే చేరుతుంది. ఎక్స్‌పోర్ట్ ఫైలు ఊరి సగాన్ని మౌనంగా ఉన్నట్టు చూపిస్తుంది. వాళ్ళు మౌనంగా లేరు, నీ ఫైలుకు చెవులు లేవు. ఇక్కడ నీకున్న బలం నాకు లేదని కూడా చెప్పాలి. నేను ఆ ఆటోలో కూర్చుంటే మాటలు ఆగిపోతాయి. నువ్వు కూర్చుంటే ఆగవు.

ఏఐతో భావం లెక్కకట్టడం గురించి. తెలుగు మీద పని బాగా ముందుకు పోయింది, ఐఐఐటీ హైదరాబాద్‌లోనూ, ఐఐటీ మద్రాస్‌లోని ఏఐ4భారత్‌లోనూ చాలా జరిగింది. అయినా ఆ మోడళ్ళు ఎక్కువగా చదువుకున్నది పత్రికల తెలుగు, వెబ్‌సైట్ల తెలుగు. మన గ్రూపులో ఒకాయన "మిర్చి" అని రాస్తాడు, ఇంకొకాయన "మిరప" అంటాడు, మరొకాయన అదే మాటను ఇంగ్లీషు అక్షరాలతో మూడు రకాల స్పెల్లింగుల్లో కొడతాడు. మార్కెట్, మార్కెట్ల, మార్కెట్‌లో, మార్కెట్టుకు అన్నీ కంప్యూటర్‌కు వేర్వేరు మాటలు. "మార్కెట్‌కు" అన్న ఒక్క మాటనే, "ట్‌" తర్వాత కనిపించని విరామం పెట్టి కొట్టినవాళ్ళదీ పెట్టకుండా కొట్టినవాళ్ళదీ కూడా రెండు మాటలుగా లెక్కపెడుతుంది. ఇవి దిద్దుకోవచ్చు, ఓపిక ఉంటే చాలు. దిద్దలేనిది ఇంకోటి ఉంది. "ఆగమైనం" అన్న ఒక్క మాటలో ఎంత దుఃఖం ఉందో మనకు తెలుసు. "మంచిగనే ఉంది మీ రేటు" అంటే మెచ్చుకోలో మండిపాటో ఎవరు, ఎవరితో, ఎప్పుడు అన్నారో తెలిస్తేనే తెలుస్తుంది. అందుకని మొదట మూడు నాలుగు వందల మెసేజ్‌లు నువ్వు ఒక్కదానివి, మీ ఊరి ఇంకొకరు ఒక్కరు, ఒకరికొకరు చూపించుకోకుండా చేత్తో గుర్తులు పెట్టండి. మీ ఇద్దరికీ ఎక్కడెక్కడ కుదరలేదో చూడు. ఇద్దరు ఊరివాళ్ళకే కుదరని చోట మోడల్ చెప్పిన మాట పట్టుకుని థీసిస్ కట్టొద్దు.

మరి ఏం చేయాలి? తెలంగాణను వదిలి ఊరిని పట్టుకో. పుకార్లన్నీ వదిలి ఒక్క మాటను పట్టుకో. నా సలహా అయితే మిర్చి రేటు.

మీ నాన్నకు చెప్పనక్కర్లేదు, చదివేవాళ్ళ కోసం రాస్తున్నాను. వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో పొద్దున జెండా పాట అవుతుంది. ఆ రోజు వచ్చిన సరుకులో మేలైనదానికి ఖరీదుదారులు పాడిన ధర అది. మిగతా సరుకు నాణ్యతను బట్టి, తేమను బట్టి దాని కింద పలుకుతుంది. పాట కాగానే ఆ అంకె ఫోన్లకు ఎక్కుతుంది. "తేజ రకం ఇంత పలికింది" అని మెసేజ్ ఊళ్ళోకి వచ్చేసరికి "మేలైనదానికి" అన్న ముక్క రాలిపోతుంది. రెండు చేతులు మారాక నిన్నటి అంకె ఈ రోజుదవుతుంది. ఎక్కడో గుంటూరు అంకె వరంగల్ అంకె అవుతుంది. అబద్ధం ఎవరూ చెప్పలేదు, అయినా బస్తాలు ఎత్తుకుని పోయిన రైతు చేతికి వేరే ధర వస్తుంది. పుకార్ల గురించి రాసేవాళ్ళు నిజం, అబద్ధం అని రెండు డబ్బాలు పెట్టుకుంటారు. నడుస్తూ నడుస్తూ ముక్కలు రాల్చుకునే నిజం ఆ రెండింట్లోనూ పట్టదు. దాని మీద పని చేసినవాళ్ళు తక్కువ. నువ్వు పుట్టింది దాని మధ్యలో.

ఈ మాట నడిచే దారిని పట్టుకోవడానికి గీత ఏది? ఇక్కడ మనకు దగ్గరి పని ఒకటుంది. ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, అరుణ్ చంద్రశేఖర్, ఎస్తేర్ డఫ్లో, మాథ్యూ జాక్సన్ కలిసి కర్ణాటకలో 75 ఊళ్ళలో 2006లో సర్వే చేశారు. "మీకు స్నేహితులు ఎవరు?" అని ఊరికే అడగలేదు. మీ ఇంటికి ఎవరు వస్తారు, మీరు ఎవరింటికి పోతారు, కిరోసినో బియ్యమో అయిపోతే ఎవరిని అడుగుతారు, చేబదులు ఎవరిని అడుగుతారు, ఎవరి సలహా తీసుకుంటారు, గుడికి ఎవరితో పోతారు, ఇట్లా అడిగారు. ఆ తర్వాత ఒక సూక్ష్మ రుణ సంస్థ వాటిలో 43 ఊళ్ళకు వచ్చింది. ఆ సంస్థవాళ్ళు మొదట ఎవరికి చెప్పారో వాళ్ళు నెట్‌వర్క్‌లో ఎక్కడ ఉన్నారన్నదాన్ని బట్టి ఆ ఊళ్ళో అప్పు తీసుకున్నవాళ్ళ సంఖ్య మారింది. 2013లో అచ్చయింది. తర్వాత ఇంకా చక్కని సంగతి ఒకటి కనిపెట్టారు. ఊరివాళ్ళనే "ఒక కబురు ఊరంతా తెలియాలంటే ఎవరికి చెప్పాలి?" అని అడిగితే, వాళ్ళు చెప్పిన పేర్లు కంప్యూటర్ లెక్కలో మధ్యలో తేలిన మనుషులవే. నెలల తరబడి గీసిన మ్యాపు చెప్పేది అరుగు మీద కూర్చున్న ముసలమ్మకు ముందే తెలుసు.

నువ్వు నాలుగు ప్రశ్నలే పెట్టుకో. ఈ వారం మిర్చి రేటు మొదట ఎవరి ద్వారా తెలిసింది? తెలిశాక నువ్వు ఎవరికి చెప్పావు? ఆ రేటు నిజమో కాదో ఎవరిని అడిగి తేల్చుకుంటావు? పెట్టుబడికి డబ్బు ఎవరి దగ్గర తెస్తావు? మూడో ప్రశ్నకు, నాలుగో ప్రశ్నకు వచ్చే పేరు ఒకటే అయిన రైతులను విడిగా చూడు. అడ్తిదారు (సరుకు అమ్మిపెట్టే కమీషన్ ఏజెంటు) దగ్గర అప్పు ఉన్న మనిషి రేటు కూడా ఆయననే అడిగితే, అతని ఫోన్‌లో ఎన్ని గ్రూపులు ఉన్నా తేడా ఏమిటి? నా దృష్టిలో నీ థీసిస్ గుండెకాయ అదే.

ఇప్పుడు లెక్క ఎట్లా పనిచేస్తుందో చేత్తో చేసి చూపిస్తాను. ఎనిమిది మంది ఉన్నారనుకుందాం. గ్రూపు నడిపే పిల్లవాడు, ఇద్దరు రైతులు, మీ నాన్న, ట్రాలీ డ్రైవర్, ఏరే కూలీల మేస్త్రమ్మ, ఇద్దరు కూలీలు. పిల్లవాడికి ముగ్గురు రైతులతో గీత ఉంది. మీ నాన్న కాని ఒక రైతుకు మిగతా ఇద్దరు రైతులతో (వాళ్ళలో ఒకరు మీ నాన్న) గీతలున్నాయి. మీ నాన్నకు డ్రైవర్‌తో, డ్రైవర్‌కు మేస్త్రమ్మతో, మేస్త్రమ్మకు ఇద్దరు కూలీలతో, ఆ కూలీలకు ఒకరితో ఒకరికి. మొత్తం 10 గీతలు. కాగితం మీద గీసి చూడు. పిల్లవాడికి మూడు గీతలు, డ్రైవర్‌కు రెండే. గీతలు లెక్కపెడితే పిల్లవాడే గొప్ప. ఇప్పుడు ఇంకో లెక్క: ఒకరి నుంచి ఒకరికి మాట పోవాలంటే దగ్గరి దారి ఎవరి మీదుగా? పైన నలుగురు, కింద ముగ్గురు, మధ్యలో డ్రైవర్. నాలుగు మూళ్ళు 12 జతలు, పన్నెండూ డ్రైవర్ మీదుగానే పోవాలి. డ్రైవర్‌కు తెలిసిన రైతు ఆయనొక్కడే కాబట్టి మీ నాన్నకు కూడా 12 వస్తాయి. రోజంతా మెసేజ్‌లు పెట్టే పిల్లవాడికి వచ్చేది రెండున్నర, ఎందుకంటే అతని పక్కన ఇంకో దారి ఉంది. పిల్లవాడు ఫోన్ పారేసుకున్నా ఊరికి మాట అందుతుంది. డ్రైవర్‌కు జ్వరం వస్తే ఆ ముగ్గురు ఆడవాళ్ళకు ఆ రోజు ఏమీ తెలియదు. పెద్ద పేరున్న లెక్కలన్నీ ఇట్లాంటివే, మనుషులు ఎక్కువైతే కంప్యూటర్ చేస్తుంది.

దూరపు మనుషుల గురించి కూడా ఒక మాట. 1973లో మార్క్ గ్రానోవెటర్ అనే సోషియాలజిస్టు ఒక వ్యాసం రాశాడు, ఈ రంగంలో అందరూ చదివేది. కొత్త కబురు దగ్గరి చుట్టాల నుంచి కాదు, అప్పుడప్పుడు కలిసే మనుషుల నుంచి వస్తుందని. దగ్గరివాళ్ళకు తెలిసింది నీకూ తెలిసే ఉంటుంది కదా. గుంటూరు పోయివచ్చే లారీ డ్రైవర్, భీవండిలోనో సూరత్‌లోనో ఉండి పండక్కి వచ్చే మేనబావ, ఇట్లాంటివాళ్ళు నీ ప్రశ్నల్లోకి రావాలి. ఊరి పొలిమేర దగ్గర జాబితా ఆపేస్తే వాళ్ళు పోతారు.

ఒక తప్పు దాదాపు ప్రతి ఒక్కరూ చేస్తారు: శాంపిల్. మామూలు సర్వేలో నూరిళ్ళలో పదిళ్ళు అడిగితే పర్వాలేదు. నెట్‌వర్క్‌లో అది కుదరదు. పదో వంతు మందినే తీసుకుంటే, రెండు చివరలూ నీ జాబితాలో ఉండే గీతలు నూటికి ఒకటే దొరుకుతాయి. అందుకని పెద్ద ఊరు పెట్టుకుని పైపైన అడిగేకన్నా, ఒక్క వాడ పెట్టుకుని అరవై డెబ్బై ఇళ్ళు, ఇంట్లో ఆడా మగా ఇద్దర్నీ విడివిడిగా, అందర్నీ అడుగు. దొరకని వాళ్ళు ఎవరో రాసిపెట్టు. "ఆరుగురిలో ప్రపంచమంతా కలుస్తుంది" అన్న మాట విన్నావు కదా. ట్రావర్స్, మిల్‌గ్రామ్ 1969లో అచ్చువేసిన ప్రయోగంలో 296 మందిని, తెలిసినవాళ్ళ చేతుల మీదుగా ఒక దూరపు మనిషికి ఉత్తరం చేరవేయమని అడిగితే, గమ్యం చేరినవి 64. మధ్యలో సగటున ఐదుగురు అన్నది ఆ 64 లెక్క. చేరనివాటి దారి ఎంత పొడవో ఎవరికీ తెలియదు. నీ పనిలో కూడా దొరకనివాళ్ళు అట్లాంటివాళ్ళే.

ఇంకోటి, పరీక్షకులు తప్పకుండా పట్టుకునేది. 2021లో నల్ల తామర పురుగు మన మిర్చిని ఊడ్చిపెట్టింది కదా. ఆ ఏడాది పక్కపక్క పొలాలవాళ్ళు ఒకే మందు కొట్టారని నీ డేటాలో కనిపించిందనుకో. "ఒకరిని చూసి ఒకరు కొట్టారు, ఇదే నెట్‌వర్క్ ప్రభావం" అని రాయాలనిపిస్తుంది. ఆగు. ఇద్దరూ ఒకే దుకాణంలో తెచ్చి ఉండొచ్చు. ఇద్దరూ ఒకే కాలువ కింద ఉండి పురుగు ఇద్దరికీ ఒకే వారం తగిలి ఉండొచ్చు. అసలు ఒకలాంటివాళ్ళు కాబట్టే స్నేహితులై ఉండొచ్చు. ఈ మూడింటినీ విడదీయడం ఒక్కసారి తీసిన ఫొటో లాంటి డేటాతో కాదు. ఎవరికి ఏ రోజు తెలిసింది, ఏ రోజు కొట్టారు అని తేదీలు ఉండాలి. అందుకే మొదటి రెండు ప్రశ్నలు వారం వారం అడుగు.

తేలిన లెక్క నిజంగా గొప్పదేనా అని చూడటానికి ఒక తేలిక ఉపాయం ఉంది. గీతల సంఖ్య అంతే ఉంచి, ఎవరితో ఎవరికి అన్నది పేకముక్కల్లా కలిపేయాలి. అట్లా కంప్యూటర్‌తో వెయ్యిసార్లు కలిపి ప్రతిసారీ అదే లెక్క కట్టించు. నీ ఊరిలో వచ్చిన అంకె ఆ వెయ్యిలో ఎక్కడో మధ్యలో ఉంటే నువ్వు కనిపెట్టింది ఏమీ లేదు. అన్నిటికీ అవతల ఉంటేనే రాయి.

ఇక అసలు భయపడాల్సింది. పన్నెండేళ్ళ కింద ఒక ఊళ్ళో ఎవరు ఎవరి దగ్గర చేబదులు తీసుకుంటారో అడిగి మ్యాపు గీశాను. పేర్లు తీసేసి నంబర్లు పెట్టాను. ఊరివాళ్ళకు చూపించడం మర్యాద అనుకుని, పంచాయతీ దగ్గర గోడకు తగిలించాను. ఐదు నిమిషాలు పట్టలేదు. ఒకాయన దగ్గరికి వచ్చి, మూలన ఉన్న చుక్క మీద వేలు పెట్టి, "ఇది మా ఇల్లే కదా సార్, ఇటు ఇన్ని గీతలు ఎందుకున్నాయి?" అన్నాడు. ఆయన భార్య తీసుకున్న చేబదుళ్ళు అవి. ఆయనకు తెలియదు. ఆమె నన్ను నమ్మి చెప్పింది. మర్నాడు ఆ ఇంటికి పోయాను. ఆమె బయటికి రాలేదు. ఆ మ్యాపును ఇప్పటిదాకా ఎక్కడా అచ్చువేయలేదు, వేయను.

ఊరు చిన్నది. గీతల ఆకారమే పేరు చెప్పేస్తుంది. పెద్ద సంస్థలే ఇందులో దెబ్బతిన్నాయి. 2006లో ఏఓఎల్ అనే అమెరికా ఇంటర్నెట్ కంపెనీ సుమారు ఆరున్నర లక్షల మంది వెతుకులాటలను పేర్లు తీసేసి బయటపెడితే, పత్రికలవాళ్ళు కొద్ది రోజుల్లోనే అందులో ఒకామె ఇంటి తలుపు తట్టారు. 2012లో ఒక వారం పాటు 6,89,003 మంది ఫేస్‌బుక్‌వాళ్ళకు కనిపించే పోస్టులను వాళ్ళకు చెప్పకుండా మార్చి, మనసు మీద ఏం ప్రభావం ఉందో చూశారు. 2014లో అది అచ్చయ్యాక వచ్చిన కోపం ఇప్పటికీ చల్లారలేదు. మన దేశంలో 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. పరిశోధనకు, గణాంకాలకు అందులో మినహాయింపు ఉంది, అయితే ఆ డేటాతో ఆ మనిషి గురించి ఏ నిర్ణయమూ తీసుకోకూడదు, నిర్దేశించిన ప్రమాణాలు పాటించాలి. చట్టం అంతవరకే అడుగుతుంది. నువ్వు ఇంకా కొంచెం ఎక్కువ చెయ్. గ్రూపు అడ్మిన్ సరే అంటే గ్రూపంతా సరే అన్నట్టు కాదు, ఒక్కొక్కరినీ అడుగు. ఒకామె చెప్పింది ఆమె భర్తకు కూడా కనిపించకూడదు. పేర్ల పట్టిక ఒక కాగితం మీద, గీతల పట్టిక కంప్యూటర్‌లో, రెండూ ఒకచోట ఉండొద్దు. థీసిస్‌లో ఊరి పేరు వద్దు, పూర్తి మ్యాపు వద్దు, లెక్కలు మాత్రమే.

సాఫ్ట్‌వేర్‌కు వద్దాం. ఎక్సెల్‌లో రెండు నిలువు వరుసలు: చెప్పినవారి నంబరు, విన్నవారి నంబరు. పక్కన తేదీ, ఏ రకం గీత. అంతే నీ డేటా. దాన్ని గెఫీ అనే సాఫ్ట్‌వేర్‌లో తెరువు, ఉచితం, కోడ్ అక్కర్లేదు, బొమ్మ వస్తుంది, ఇందాకటి రెండు లెక్కలూ ఒక్కో నొక్కుతో వస్తాయి. ముందు నేను చెప్పిన ఎనిమిది మందిని ఎక్కించి, గీతలకు దిక్కు లేదని (Undirected) ఎంచుకుని, డ్రైవర్‌కు 12, పిల్లవాడికి రెండున్నర వస్తున్నాయో లేదో చూడు. వెయ్యిసార్లు కలిపి చూడటానికి మాత్రం పైథాన్ కావాలి, నెట్‌వర్క్‌ఎక్స్ అనే లైబ్రరీతో ఇరవై ముప్పై వరుసల పని. గూగుల్ కోలాబ్‌లో బ్రౌజర్‌లోనే నడుస్తుంది, పెద్ద ల్యాప్‌టాప్ కొనకు. ఎన్‌పీటెల్‌లో సోషల్ నెట్‌వర్క్స్ కోర్సు ఉచితంగా ఉంది, మ్యాథ్స్ దగ్గర ఆగిపోతే ఆ వీడియో దాటేసి ముందుకు పో, రెండోసారి చూసినప్పుడు అర్థమవుతుంది. కోడ్ రాసిపెట్టే ఇంజనీరింగ్ స్నేహితులు దొరికితే తీసుకో, కాకపోతే ప్రతి వరుసా నీకు చదివి చెప్పించుకో. వైవాలో నిలబడేది నువ్వు.

టైము గురించి ఒక్క మాట. మిర్చి ఏరడం మొదలయ్యే లోపల పరిచయాలు పూర్తి చేసుకో, సీజన్‌లో ఎవరికీ తీరిక ఉండదు. మేడారం జాతర ఉన్న సంవత్సరమైతే ఆ వారం సర్వే పెట్టకు, ఊళ్ళో తలుపులకు తాళాలుంటాయి.

ఈ ఆదివారం మీ వాడలో పది ఇళ్ళలో నాలుగు ప్రశ్నలూ అడిగి చూడు. మొదటి రోజు ప్రశ్నలు సరిగ్గా పనిచేయవు, మార్చుకోవాల్సి వస్తుంది. నాలుగో ప్రశ్నకు జనం మాట మార్చేస్తే నేరుగా అడగకు, "పోయిన ఏడాది విత్తనాలు ఎవరి దగ్గర తెచ్చారు, డబ్బు ఎప్పుడు కట్టారు?" అని అడుగు, అదే బయటికి వస్తుంది. పేర్లు తీసేసి, ఎక్కడ తడబడ్డారో మాత్రం రాసి ఇక్కడ పెట్టు. ప్రశ్నలు మళ్ళీ కలిసి దిద్దుదాం.